జట్టు అట్టడుగున ఉన్నప్పుడు ఎవరిని నిలదీయాలి? ఫుట్‌బాల్ అభిమానికి ఒక మార్గదర్శి

హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పట్టికలో రెండుసార్లు చిట్టచివర నిలిచింది. క్లబ్ పుట్టిన తొలి సీజన్ 2019–20లో 18 మ్యాచ్‌లు ఆడి, రెండే గెలిచి, 10 పాయింట్లతో పదో స్థానంలో ఆగిపోయింది. 2023–24లో 22 మ్యాచ్‌లలో ఒక్కటంటే ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో పన్నెండో స్థానంలో మిగిలింది. అంకెల్లో ఈ రెండు పరాజయాలకూ పెద్ద తేడా లేదు. అయితే మొదటిదాని తర్వాత రెండేళ్లకు, 2022 మార్చిలో, అదే క్లబ్ గోవాలోని ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి కప్పు అందుకుంది. రెండోదాని తర్వాత రెండేళ్లు నిండకుండానే ఊరు విడిచి, పేరు మార్చుకుని, ఢిల్లీ జట్టుగా మారిపోయింది.

ఈ రెండు చివరి స్థానాలనూ చూసి అభిమాని ఒకే మాట, అంటే కోచ్‌ను మార్చమన్న మాట, అని ఉంటే, కనీసం ఒక సందర్భంలో అతని కోపం తప్పు చిరునామాకు వెళ్లినట్టే. ఓడుతున్న జట్టును చూస్తూ కూర్చోవడం బాధాకరమే. ఆ బాధను ఎవరి ముందు, ఏ ఆధారంతో, ఏ రూపంలో పెట్టాలో తెలిస్తే మాత్రం దానికి కొంత ఫలితం ఉంటుంది. ఆ పని క్రమంగా ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్ క్లబ్ నుంచే తీసుకున్నాను, ఎందుకంటే ఒక క్లబ్ ఎన్ని రకాలుగా ఓడిపోగలదో అది ఆరేళ్లలోనే మనకు చూపించింది.

పట్టిక కన్నా ముందు ఆటను చూడాలి

ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ. మ్యాచ్‌కు సగటున రెండున్నర, మూడు గోల్స్ పడే ఆటలో బంతి ఒక్కసారి గోల్‌స్తంభానికి తగిలి బయటికి పోయినా, రెఫరీ ఒక్క పెనాల్టీ ఇవ్వకపోయినా ఫలితం తారుమారవుతుంది. అందువల్ల మూడు నాలుగు ఓటములను బట్టి కోచ్ గురించి తీర్పు చెప్పడం తొందరపాటే అవుతుంది. కనీసం ఎనిమిది, పది మ్యాచ్‌లు గడవనివ్వాలి. ఆ మ్యాచ్‌లలో ఎన్ని సొంత మైదానంలో జరిగాయి, ఎన్ని బలమైన ప్రత్యర్థులతో జరిగాయి, ఎన్నింటిలో ఎర్ర కార్డు వల్ల పది మందితో ఆడవలసి వచ్చింది, ఎవరెవరు గాయాలతో దూరమయ్యారు అనేవి పక్కనే రాసి పెట్టుకోవాలి.

ప్రతి మ్యాచ్‌కూ నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాసుకుంటే చాలు. పెనాల్టీ బాక్స్ లోపలి నుంచి మనవాళ్లు ఎన్ని షాట్లు కొట్టారు, ప్రత్యర్థి ఎన్ని కొట్టాడు అన్నది మొదటిది. మనమీద పడిన గోల్ ఎలా పడింది, అంటే కార్నర్ లేదా ఫ్రీకిక్ నుంచా, ఎదురుదాడి నుంచా, వెనుక నుంచి ఆట కడుతూ మనవాళ్లే బంతి పోగొట్టుకోవడం వల్లా అన్నది రెండోది. డెబ్బై అయిదో నిమిషం తర్వాత ఏం జరిగిందన్నది మూడోది. వెనకబడినప్పుడు కోచ్ ఏ నిమిషంలో, ఎవరిని తీసి ఎవరిని దించాడు, దానివల్ల ఆట తీరు మారిందా అన్నది నాలుగోది. కొంచెం ఓపిక ఉన్నవారు గణాంకాల వెబ్‌సైట్లలో దొరికే ఎక్స్‌జీ అంకెను కూడా చేర్చుకోవచ్చు. ఒక అవకాశం గోల్ అయ్యే సంభావ్యతను ఆ అంకె చెబుతుంది. నాలుగు పెనాల్టీలలో మూడు గోల్ అవుతాయి కాబట్టి పెనాల్టీ విలువ 0.75కు కాస్త పైన ఉంటుంది, ముప్ఫై గజాల నుంచి కొట్టిన షాట్ విలువ 0.05 కూడా ఉండదు. ఒక్క మ్యాచ్ ఎక్స్‌జీతో వాదనకు దిగితే నవ్వులపాలవుతాం గానీ, పది మ్యాచ్‌ల మొత్తం మాత్రం పట్టిక కన్నా నమ్మకంగా మాట్లాడుతుంది.

ఈ నోట్‌బుక్‌ను ఎలా చదవాలన్నదే అసలు విషయం. అవకాశాలు ప్రత్యర్థితో సమానంగా, లేదా కాస్త ఎక్కువగా, సృష్టిస్తూ కూడా జట్టు ఓడుతోందంటే లోపం అవకాశాలను గోల్స్‌గా మార్చడంలోనో అదృష్టంలోనో ఉంది. అలాంటప్పుడు కోచ్‌ను తరిమేస్తే బాగుపడుతున్న పనిని మధ్యలో ఆపినట్టవుతుంది. పది మ్యాచ్‌లలో ఆరు గోల్స్ ఒకే తీరులో, ఉదాహరణకు కార్నర్లలో రెండో స్తంభం దగ్గర, పడుతూనే ఉన్నాయంటే అది శిక్షణ లోపం, దానికి కోచ్ జవాబు చెప్పాలి. చివరి పావుగంటలో గోల్స్ ఇస్తున్న జట్టు విషయంలో మాత్రం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆటగాళ్ల దేహదారుఢ్యం చాలకపోతే అది శిక్షణ సిబ్బంది బాధ్యత, బెంచ్ మీద దించడానికి తగిన మనిషే లేకపోతే ఆ బెంచ్‌ను కట్టినవారి బాధ్యత. టీవీలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

కోచ్ చేతిలో ఉన్నవి, లేనివి

జట్టు కూర్పు, ఆట పద్ధతి, రోజువారీ శిక్షణ, మ్యాచ్ మధ్యలో మార్పులు, డ్రెస్సింగ్ రూమ్ వాతావరణం కోచ్ చేతిలో ఉంటాయి. ఆటగాళ్ల కొనుగోలు కొన్ని క్లబ్‌లలోనే, అదీ కొంతవరకే, అతని చేతిలో ఉంటుంది. జీతాలు, శిక్షణ మైదానం, ప్రయాణ ఏర్పాట్లు, సీజన్‌కు ముందు సన్నాహాలకు దొరికే సమయం వంటివి అతనికి పైనుంచి వచ్చేవే. భారత లీగ్‌లో దీనికి తోడు ఇంకొకటుంది. మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులే ఆడగలరు కాబట్టి ఆ కొద్దిమంది ఎంపిక ఎలా జరిగిందన్నదే సగం సీజన్‌ను ముందే తేల్చేస్తుందని నా అభిప్రాయం. ఆ ఎంపిక ఎవరు చేశారో తెలియకుండా కోచ్‌ను తప్పుపట్టలేం, మెచ్చుకోనూలేం.

2019–20 సీజన్‌ను ఈ దృష్టితో మళ్లీ చూడండి. పుణె క్లబ్ మూతపడ్డాక దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీని ఆగస్టు చివర్లో ప్రకటించారు. రెండు నెలలు కూడా నిండకముందే, అక్టోబరులో, జట్టు కోల్‌కతాలో తొలి మ్యాచ్ ఆడి అక్కడి ఏటీకే జట్టు చేతిలో 0–5తో ఓడింది. అంత తక్కువ వ్యవధిలో ఏ కోచ్ అయినా ఎంత చేయగలడు? ఇంగ్లండ్‌కు చెందిన ఫిల్ బ్రౌన్‌ను 2020 జనవరిలో తొలగించారు. ఆ నిర్ణయం తప్పని అనలేం, ఎందుకంటే గోల్స్ వరదను ఆపే మార్గమేదీ అప్పటికి కనిపించలేదు. కానీ జట్టు బాగుపడింది ఆ తొలగింపు వల్ల కాదు. ఆ తర్వాత క్లబ్ ఒక ఆట పద్ధతిని ఎంచుకుని, దానికి తగిన కోచ్‌ను వెతికి, ఆ పద్ధతికి సరిపోయే భారతీయ యువకులను సమకూర్చుకోవడం వల్ల బాగుపడింది. 2020లో వచ్చిన మనోలో మార్కెజ్ తొలి ఏడాది ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి కుర్రవాళ్లను నమ్ముకుని జట్టును ఐదో స్థానానికి తెచ్చాడు. ప్లేఆఫ్స్ చేజారినా యాజమాన్యం అతన్ని కదల్చలేదు, మరుసటి ఏడాదే కప్పు వచ్చింది.

2023–24 కథ వేరు. మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు, జీతాలు ఆగిపోయాయి, విదేశీయులు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు, జనవరి బదిలీల కాలంలో పేరున్న భారతీయులు కూడా వేరే జట్లకు మారారు, కొత్తవారిని తెచ్చుకుందామంటే బకాయిల కారణంగా ఫిఫా విధించిన నిషేధం అడ్డుగా నిలిచింది. మిగిలినవారిలో ఎక్కువమంది అనుభవం లేని కుర్రవాళ్లు. ఆ జట్టును నడిపిన తాంగ్‌బోయ్ సింగ్టో పద్ధతిలో లోపాలు వెతకవచ్చు, కానీ జీతం రాని ఆటగాళ్లతో ఏ పద్ధతి పనిచేస్తుందని అడిగితే సమాధానం ఉండదు. అప్పుడు కోచ్ మీద చూపిన ప్రతి కోపమూ యాజమాన్యానికి కలిసొచ్చింది.

డబ్బు జాడలు ఎక్కడ దొరుకుతాయి

క్లబ్‌కు డబ్బు కటకట వచ్చిందన్న సంగతి చాలా సందర్భాలలో పత్రికా ప్రకటన కన్నా ముందే బయటి గుర్తుల్లో కనిపిస్తుంది. సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు ఏ కారణమూ చెప్పకుండా స్వదేశాలకు వెళ్లడం వాటిలో ముఖ్యమైనది. దీని వెనుక ఒక నియమం ఉంది. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం అందని ఆటగాడు క్లబ్‌కు కనీసం 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కాబట్టి ఒకే నెలలో ఇద్దరు ముగ్గురు విదేశీయులు వెళ్లిపోతే దానిని ‘వ్యక్తిగత కారణాలు’గా సరిపెట్టుకోకుండా జీతాల గురించి అడగాలి. బకాయి తీర్చమని వచ్చిన తీర్పును క్లబ్ ఖాతరు చేయకపోతే ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదును నిషేధిస్తుంది, ఆ నిషేధం వరుసగా మూడు బదిలీ కాలాల వరకు ఉండవచ్చు. ఏయే క్లబ్‌ల మీద నిషేధం నడుస్తోందో ఫిఫా తన వెబ్‌సైట్‌లో బహిరంగంగానే ఉంచుతుంది, కాబట్టి వదంతుల మీద ఆధారపడవలసిన అవసరం లేదు.

రెండో జాడ కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో ఉంటుంది. ఐఎస్‌ఎల్ క్లబ్‌లు సాధారణంగా ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలు. కంపెనీ పేరు తెలిస్తే, వంద రూపాయల రుసుము చెల్లించి, అది దాఖలు చేసిన పత్రాలను ఎవరైనా చూడవచ్చు. ఏఓసీ–4 అనే ఫారంతో ఆర్థిక నివేదికలు, ఎంజీటీ–7తో వాటాదారుల, డైరెక్టర్ల వివరాలు ఉంటాయి. లెక్కలు చదవడం రానివారు కూడా మూడు చోట్ల ఆగి చూడవచ్చు: కంపెనీ ఇకముందు కొనసాగగలదా అన్న విషయంలో ఆడిటర్ ఏమైనా సందేహం వ్యక్తం చేశాడా, చట్టబద్ధమైన చెల్లింపులు బకాయి ఉన్నాయని రాశాడా, ఏడాది లోపల ఎంతమంది డైరెక్టర్లు తప్పుకున్నారు. నివేదిక దాఖలు కావడమే ఆలస్యమైతే అది కూడా ఒక సమాచారమే. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఈ పత్రాలు గడచిన ఆర్థిక సంవత్సరానివి, ఈ నెల జీతాల గురించి వాటిలో ఏమీ ఉండదు.

మంచి ఆటగాళ్లను అమ్మడాన్ని మాత్రం వెంటనే ద్రోహంగా చూడకూడదు. లిస్టన్ కొలాసో 2021లో, ఆశిష్ రాయ్ 2022లో కోల్‌కతాకు వెళ్లినా హైదరాబాద్ జట్టు బలహీనపడలేదు, ఎందుకంటే వారి స్థానాలు నిండాయి. అమ్మిన ఆటగాడి స్థానం రెండు బదిలీ కాలాలు గడిచినా ఖాళీగానే ఉంటే అప్పుడు డబ్బు ఎటు పోయిందని అడగవచ్చు.

కోచ్‌ను తొలగించమని అడిగే ముందు

కోచ్ తొలగింపు ఉచితం కాదు. మాంచెస్టర్ యునైటెడ్ 2024 మేలో ఎఫ్‌ఏ కప్పు గెలిచిన ఎరిక్ టెన్ హాగ్‌కు జులైలో ఒప్పందం పొడిగించి, అక్టోబరు చివర్లో అతన్నే తొలగించింది. అతనికీ అతని సిబ్బందికీ, ఐదు నెలలకే సాగనంపిన క్రీడా డైరెక్టర్‌కూ కలిపి దాదాపు 1.45 కోట్ల పౌండ్లు ఖర్చయింది. ఆ సీజన్‌ను క్లబ్ 42 పాయింట్లతో పదిహేనో స్థానంలో ముగించింది, ప్రీమియర్ లీగ్‌లో అంతకన్నా కింద అది ఎన్నడూ నిలవలేదు. వేసవిలో ఒక మనిషిని నమ్మి, శరదృతువులో అతన్నే పంపేసే యాజమాన్యం విషయంలో కోచ్ ఎవరన్న ప్రశ్న రెండోది, ఆ కోచ్‌ను ఎన్నుకుంటున్నది ఎవరన్నది మొదటిది.

కొత్త కోచ్ రాగానే రెండు మూడు గెలుపులు వస్తాయన్న నమ్మకాన్ని కూడా కాస్త అనుమానంగా చూడాలి. తొలగింపులు సాధారణంగా జట్టు అత్యంత దురదృష్టకరమైన దశలో ఉన్నప్పుడు జరుగుతాయి, ఆ దశ ఎవరున్నా కొంత మెరుగుపడక తప్పదు. హైదరాబాద్ క్లబ్ 2024 డిసెంబరులో సింగ్టోను తప్పించి షమీల్ చెంబకత్‌కు బాధ్యత అప్పగించింది. కొత్త యాజమాన్యం వచ్చి జీతాల గొడవ సద్దుమణిగినా, ఆలస్యంగా కూర్చిన జట్టుతో సీజన్‌ను 18 పాయింట్లతో, 13 జట్లలో 12వ స్థానంలో ముగించింది.

కాబట్టి కోచ్ మార్పును కోరేవారు అదే వాక్యంలో ఇంకో రెండు విషయాలు కూడా కోరాలి. తర్వాతి కోచ్‌ను ఏ ప్రమాణాలతో ఎంపిక చేస్తారు? ఆ ఎంపిక చేసే వ్యక్తి పేరేమిటి? ఈ రెండింటికీ జవాబు లేని క్లబ్‌లో కోచ్‌లు మారుతూనే ఉంటారు.

నిరసనను ఎలా రూపొందించాలి

మొదట ఒక్కరుగా కాక సంఘంగా మాట్లాడాలి. హైదరాబాద్‌లో డెక్కన్ లీజియన్, కేరళలో మంజప్పడ వంటి అభిమాన బృందాలకు ఉన్న గుర్తింపు ఒంటరి అభిమానికి ఉండదు. బృందం పేరుతో రాసే లేఖ ఒక పేజీ దాటకూడదు. అందులో విశేషణాలు తగ్గించి, తేదీలతో సహా జరిగిన విషయాలు రాసి, అవుననో కాదనో జవాబివ్వగల నాలుగు ప్రశ్నలు పెట్టి, జవాబుకు గడువు తేదీ చెప్పాలి. ‘జట్టును నాశనం చేశారు’ అన్న వాక్యానికి యాజమాన్యం ఎన్నడూ జవాబివ్వదు, ఇవ్వనక్కర కూడా లేదు. ‘ఫలానా నెల వరకు ఆటగాళ్లకూ, మైదాన సిబ్బందికీ, యువ జట్ల కోచ్‌లకూ జీతాలు చెల్లించారా’ అన్న ప్రశ్నను మాత్రం తప్పించుకోవడం కష్టం, తప్పించుకుంటే అందరికీ కనబడుతుంది. లేఖను యజమానికి, ముఖ్య కార్యనిర్వాహకుడికి పంపి, ప్రతిని లీగ్ నిర్వాహకులకూ, క్లబ్ లైసెన్సింగ్ చూసే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ చేర్చాలి. లైసెన్సింగ్‌లో ఆర్థిక ప్రమాణాలు ఒక భాగం కనుక వేతన బకాయిల ప్రస్తావన అక్కడ ఊరికే పోదు.

బహిష్కరణ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్ అభిమానులు యజమానులకు ఒక్క పైసా కూడా ఇవ్వబోమని ఏళ్ల తరబడి సొంత మైదానానికి దూరంగా ఉండి, కోర్టు నియమించిన రిసీవర్ (తాత్కాలిక నిర్వాహకుడు) క్లబ్‌ను చేతిలోకి తీసుకున్నాక, 2019 మార్చి 9న పదిహేను వేలకు పైగా తరలివచ్చారు. షెఫీల్డ్ వెడ్నెస్‌డేలో జీతాలు ఆలస్యమవుతుంటే 2025 అక్టోబరులో అభిమానులు ఒక మ్యాచ్‌కు స్టేడియాన్ని చాలావరకు ఖాళీగా వదిలేశారు. అదే నెలలో క్లబ్ దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లి, 12 పాయింట్లు కోల్పోయింది. ఇంత శిక్ష పడినా, యజమాని పట్టు తొలగిందనగానే అభిమానులు టికెట్ల కోసం ఎగబడ్డారు. ఈ రెండు చోట్లా టికెట్ డబ్బు క్లబ్‌కు ప్రాణవాయువు. మన దగ్గర పరిస్థితి అలా లేదు. ఐఎస్‌ఎల్ క్లబ్ ఖర్చులతో పోలిస్తే టికెట్ల రాబడి చిన్నది, గచ్చిబౌలి బాలయోగి స్టేడియం ఎన్నో మ్యాచ్‌లకు సగానికి పైగా ఖాళీగానే ఉండేది. ఖాళీ స్టేడియాన్ని బహిష్కరిస్తే ఎవరికి తెలుస్తుంది? కేరళ బ్లాస్టర్స్ సొంత ఊరు కొచ్చిలో మాత్రం అది పనిచేసే ఆయుధమే, ఎందుకంటే అక్కడి పసుపు చొక్కాల జనసందోహమే ఆ క్లబ్ ప్రకటనకర్తలకు చూపించుకునే ఆస్తి. 2024–25లో మంజప్పడ టికెట్ల అమ్మకాలలో పాలుపంచుకోబోమని ప్రకటించి, ఆటగాళ్లకు మద్దతు మాత్రం ఆపలేదు. ఆ తేడాను స్పష్టంగా చెప్పడం వల్ల నిరసన ఎవరి మీదో ఎవరికీ సందేహం మిగలలేదు.

తక్కువ జనం ఉన్న చోట ఒత్తిడి ప్రాయోజకుల (స్పాన్సర్ల) ద్వారా తేవడం మేలు. చొక్కా మీద పేరు వేయించుకున్న సంస్థకు మర్యాదగా రాసిన యాభై లేఖలు ఖాళీగా వదిలేసిన వెయ్యి కుర్చీల కన్నా త్వరగా చేరతాయి.

విదేశాల్లో చూసినదాన్ని యథాతథంగా దింపుకోవడం ప్రమాదకరం. 2024 ఆరంభంలో జర్మనీ అభిమానులు లీగ్ ప్రసార హక్కుల రాబడిలో పెట్టుబడి సంస్థకు వాటా ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తూ మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి, మ్యాచ్‌లను పదేపదే ఆపి, ఫిబ్రవరిలో ఆ ప్రయత్నాన్నే విరమింపజేశారు. క్లబ్‌ల ఓటు హక్కులో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం అక్కడి అభిమానికి వెన్నెముక. అలాంటి రక్షణ లేని చోట మైదానంలోకి ఏదైనా విసిరితే జరిమానా క్లబ్‌కు, కేసు విసిరినవాడికి, చర్చంతా ఆ బంతి గురించి మిగులుతాయి. ఆటగాళ్ల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల్లోకి వెళ్లి వాళ్లనూ, కుటుంబాలనూ తిట్టడం గురించి వేరే చెప్పనక్కరలేదు; జీతం రాకుండా ఆడుతున్న ఇరవై ఏళ్ల కుర్రవాడు దీనికి ఎంతమాత్రమూ బాధ్యుడు కాదు.

కొత్త యజమాని వచ్చినప్పుడు

అభిమానులు ఎక్కువగా అశ్రద్ధ చేసే దశ ఇదే. పాత యాజమాన్యం పోయిందన్న సంబరంలో అడగవలసినవి అడగడం మరచిపోతారు. హైదరాబాద్ ఎఫ్‌సీని 2024లో బీసీ జిందాల్ గ్రూప్ తీసుకున్నప్పుడు బకాయిల పీడ వదిలిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఏడాది తర్వాత, 2025లో, క్లబ్ స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారి వెళ్లిపోయింది. ఐఎస్‌ఎల్‌లో ఆడే హక్కు కంపెనీది, ఊరిది కాదు. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి దొరికినప్పుడు అభిమానులు 2002లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టుకుని, కింది అంచెల నుంచి మళ్లీ ఎక్కుతూ వచ్చారు. అంత పెద్ద ప్రయత్నం అందరికీ సాధ్యం కాదు. కానీ 2022–23, 2023–24లలో ఐఎస్‌ఎల్ కింది అంచె అయిన ఐ–లీగ్‌లో రెండో స్థానం పొందిన హైదరాబాద్ జట్టు శ్రీనిధి డెక్కన్ మ్యాచ్‌లకు వెళ్లడం సాధ్యమే. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన ఊరికి ప్రేక్షకుల కొరత ఉండనక్కర లేదు.

ఏ ఊరిలో కొత్త యజమాని వచ్చినా తొలి మ్యాచ్‌కు ముందే రాతపూర్వకంగా అడగవలసిన ప్రశ్నలు మూడు. స్టేడియం ఒప్పందం ఎన్నేళ్లకు ఉంది? యువ జట్లకు శిక్షణ ఏ మైదానంలో, ఎవరి ఆధ్వర్యంలో జరుగుతుంది? జట్టును వేరే ఊరికి తరలించే ఆలోచన వస్తే అభిమాన సంఘాలకు ఎన్ని నెలల ముందు తెలియజేస్తారు? క్లబ్ ప్రైవేటు సంస్థ కాబట్టి సమాచార హక్కు చట్టం కింద దాన్నే అడగలేం. కానీ స్టేడియం రాష్ట్ర ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థది అయినప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు యజమాని దగ్గరా, ఆ సంస్థ దగ్గరా ఉంటుంది. యజమాని మౌనం వహిస్తే పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, ఒప్పందం కాలపరిమితినీ, అద్దె చెల్లింపుల స్థితినీ, రాబోయే సీజన్‌కు మైదానం కేటాయించమన్న అభ్యర్థన అందిందో లేదో అన్న వివరాన్నీ కోరవచ్చు. చట్ట ప్రకారం సాధారణంగా ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి, కాబట్టి ఆ దరఖాస్తును సీజన్ మొదలయ్యేందుకు కనీసం రెండు నెలల ముందే పెట్టాలి.